వెబ్ సర్వర్ వెలువరించే పాఠం: వడపోత, పరిశీలన - తెలుగు లిపి దృష్టితో ఒక వివరణ

వ్యాససంగ్రహం

వెబ్ సర్వర్ నుండి పాఠకుని బ్రౌజరుకు చేరే ప్రతి పుటా మార్గమధ్యంలో కొన్ని వడపోతల గుండా ప్రయాణిస్తుంది. కొన్ని వడపోతలు పాఠాన్ని మారుస్తాయి. కొన్ని మార్చకుండా పరీక్షించి, బయటికి పోకూడని అంశం కనిపిస్తే ఆపుతాయి. అపాచీ సర్వర్‌ను ప్రధానోదాహరణగా తీసుకొని ఆ వడపోతల పనితీరును ఈ వ్యాసం వివరిస్తుంది. లాటిన్ లిపిని దృష్టిలో పెట్టుకొని రూపొందిన ఈ ఏర్పాట్లను తెలుగు పాఠానికి వర్తింపజేసినప్పుడు అక్షరం ఎక్కడెక్కడ చెడే అవకాశముందో సోదాహరణంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వెబ్ సర్వర్, అవుట్‌పుట్ ఫిల్టర్, యూనికోడ్, యూటీఎఫ్-8, పాఠశుద్ధి, మాడ్‌సెక్యూరిటీ, అపాచీ.

1. ఉపోద్ఘాతం

తాళపత్రాల కాలంలో కవి పాఠానికీ పాఠకుడు చదివే పాఠానికీ నడుమ లేఖకుడు ఉండేవాడు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను సేకరించి, పోల్చి, 1829లో ప్రచురించే నాటికి ఆయన ముందున్న చిక్కుల్లో ముఖ్యమైనది ఇదే. ఒకే పద్యం ప్రతి ప్రతిలో ఒక్కో తీరుగా ఉన్నప్పుడు ఏది కవి మాట, ఏది లేఖకుని చేర్పు? అచ్చుయంత్రం వచ్చిన తరువాత లేఖకుని స్థానంలోకి కంపోజిటరు, ప్రూఫ్ రీడరు వచ్చారు. అంతర్జాల పత్రికలు వచ్చాక ఈ మధ్యవర్తులందరూ తప్పుకున్నారని, వ్యాసకర్త పంపిన యూనికోడ్ పాఠమే యథాతథంగా పాఠకుని తెరపైకి వస్తుందని పరిశోధకుల్లో చాలామంది భావిస్తారు.

వాస్తవం అది కాదు. సర్వర్‌లో నిల్వ ఉన్న పాఠం వేరు, సర్వర్ వెలువరించే పాఠం వేరు. ఈ రెంటికీ నడుమ ఒకటి రెండు మొదలుకొని పది వరకు వడపోతలు ఉండవచ్చు. అవి పుటకు శీర్షభాగాన్ని జోడిస్తాయి, లంకెలను సరిచేస్తాయి, నిషిద్ధ పదాలను తొలగిస్తాయి, ఖాళీలను కుదిస్తాయి, చివరకు మొత్తాన్ని పిండి చిన్నది చేసి పంపుతాయి. పాఠకుడు ఉల్లేఖించేది ఈ చివరి రూపాన్నే. ఒక సిద్ధాంతగ్రంథంలో ఉదహరించిన వాక్యానికీ మూలవ్యాసంలోని వాక్యానికీ తేడా కనిపించినప్పుడు నింద సాధారణంగా పరిశోధకుని మీద పడుతుంది. వడపోతను అనుమానించేవారు అరుదు.

2. వడపోత జరిగే చోటు

అపాచీ సర్వర్ 1.3 శ్రేణిలో ఒక పుటను తయారుచేసే భాగమే దానిని నేరుగా పంపివేసేది. ఒక మాడ్యూలు వెలువరించిన దానిని మరొక మాడ్యూలు అందుకొని మార్చే వీలు లేదు. ఉదాహరణకు సీజీఐ ప్రోగ్రాము తయారుచేసిన పుటలో సర్వర్-సైడ్ ఇన్‌క్లూడ్ ఆదేశాలు ఉన్నా అవి పనిచేసేవి కావు, అక్షరాలుగానే బయటికి వెళ్లిపోయేవి. 2002లో సాధారణ వినియోగానికి విడుదలైన 2.0 శ్రేణి ఈ స్థితిని మార్చింది. పుటను తయారుచేసే పనినీ, తయారైన దానిని సంస్కరించే పనినీ అది విడదీసింది. వెలువడే దత్తాంశం ‘బకెట్లు’ అనే చిన్న ముక్కలుగా విడిపోతుంది. కొన్ని బకెట్ల వరుసను ‘బ్రిగేడ్’ అంటారు. మంటలార్పేవారు వరుసగా నిలబడి నీళ్ల బకెట్లను చేతులు మార్చుకొనే దృశ్యం ఈ పేర్ల వెనుక ఉంది. బ్రిగేడ్ ఒక వడపోత చేతి నుండి మరొక వడపోత చేతికి వెళ్తూ చివరకు నెట్‌వర్కును చేరుతుంది.

ఈ పద్ధతి అపాచీకే పరిమితం కాదు. జావా సర్వ్‌లెట్ 2.3 నిర్దేశం 2001లోనే ఫిల్టర్ అనే భావనను ప్రవేశపెట్టింది. పీహెచ్‌పీలో ‘ఓబీ-స్టార్ట్’ అనే ఫంక్షను పుట మొత్తాన్ని పట్టి ఉంచి, ప్రోగ్రామరు ఇచ్చిన మరొక ఫంక్షనుకు అప్పగిస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్‌లో శీర్షభాగానికి ఒక వడపోత వరుస, పుట శరీరానికి మరొక వరుస ఉంటాయి. పేర్లు వేరైనా నియమం ఒకటే. పుట బయటికి పోయేముందు దానిని ఒకరు చూస్తారు, అవసరమైతే తాకుతారు.

అపాచీలో బయటి ప్రోగ్రాముతో వడపోయించే మాడ్యూలు కూడా ఉంది. ఏ భాషలో రాసిన ప్రోగ్రామైనా ఫరవాలేదు. సర్వర్ పుటను దానికి అందిస్తుంది, అది తిరిగి ఇచ్చినదానిని పాఠకునికి పంపుతుంది. ప్రతి అభ్యర్థనకూ ఒక కొత్త ప్రోగ్రాము ప్రారంభం కావలసి ఉండటం వల్ల ఇది నెమ్మది. ప్రయోగదశలో ఉన్న ఆలోచనను సరిచూసుకోవడానికి పనికివస్తుంది గాని రద్దీ ఉన్న చోట తగదు. మాటలను మార్చడానికే ప్రత్యేకించిన ‘మాడ్-సబ్‌స్టిట్యూట్’ 2.2.7 నుండి అందుబాటులో ఉంది. భాషాశాఖల్లో నడిచే చిన్న సర్వర్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, లేదా పీహెచ్‌పీ పద్ధతి.

3. బైటు, సంకేతం, అక్షరం

తెలుగు పాఠం విషయంలో అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. వెబ్‌లో సర్వత్రా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ స్థానాల్లోని ప్రతి సంకేతానికీ మూడు బైట్లు కావాలి. మొదటి బైటు విలువ ఎప్పుడూ 224. రెండవది 176 గాని 177 గాని. మూడవది మాత్రమే విస్తృతంగా మారుతుంది. ‘త’ అంటే 224, 176, 164. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. ‘తెలుగు’ అనే మాటలో చదువరికి కనిపించే అక్షరాలు మూడు. గుణింతపు గుర్తులను విడిగా లెక్కించే యూనికోడ్‌కు సంకేతాలు ఆరు. సర్వర్ దృష్టిలో బైట్లు పద్దెనిమిది. ఛందస్సు చదివినవారు అక్షరాన్ని లెక్కిస్తారు, వడపోత బైటును లెక్కిస్తుంది.

బకెట్ అనేది బైట్ల ముక్క. దానికి అక్షరసరిహద్దులతో సంబంధం లేదు. ఒక వడపోత 8192 బైట్ల చొప్పున చదువుతుందని అనుకుంటే, తెలుగు సంకేతాలు 2730 మాత్రమే పూర్తిగా అందులో ఇముడుతాయి. వాటికి 8190 బైట్లు సరిపోగా మిగిలిన రెండు బైట్లు 2731వ సంకేతానికి చెందిన తల, నడుము. దాని పాదం తరువాతి ముక్కలో ఉంటుంది. వడపోత ముక్కను ఉన్నదున్నట్టు ముందుకు పంపితే నష్టం లేదు, చివర అన్నీ ఒకటవుతాయి. కాని ఆ ముక్కను పాఠంగా అర్థం చేసుకొని, మార్చి, తిరిగి రాసే వడపోత అయితే తల తెగిన ఆ రెండు బైట్లను చెల్లని దత్తాంశంగా భావిస్తుంది. వాటి స్థానంలో నల్లని వజ్రాకారంలో ప్రశ్నార్థకం ఉన్న గుర్తును పెడుతుంది. తరువాతి ముక్క మొదట్లో ఒంటరిగా మిగిలిన పాదానికీ అదే గతి.

ఈ లోపాన్ని పట్టుకోవడం కష్టం. దానికి కారణం ఉంది. నిజమైన పుటలో తెలుగుతో పాటు ఒక్క బైటుతో సరిపోయే ట్యాగులు, ఖాళీలు, విరామచిహ్నాలు కలగలిసి ఉంటాయి. కోత ఎక్కడ పడుతుందన్నది వాటి సంఖ్యను బట్టి మారుతుంది. పూర్తిగా తెలుగే ఉన్న చోట కోత పడితే అది సంకేతాల నడుమ సవ్యంగా పడే అవకాశం మూడింట ఒకటి. పుట పైభాగంలో ఎవరో ఒక కామా చేర్చితే చాలు, కింద ఎక్కడో చెడిన అక్షరం బాగుపడుతుంది. మరొక కామా చేర్చితే వేరొకటి చెడుతుంది. సంపాదకుడు తప్పును సరిదిద్దానని భావిస్తాడు. నిజానికి తప్పు స్థానం మారింది, అంతే. ఆంగ్లవ్యాసాల్లో ఇది దాదాపు కనిపించదు కనుక సర్వర్ నిర్వాహకుడు ‘మా వద్ద అంతా సవ్యంగానే ఉంది’ అంటే దానిని అబద్ధమనలేం.

పరిష్కారం సూత్రప్రాయంగా తేలికే. ముక్క చివర అసంపూర్ణంగా ఉన్న బైట్లను వడపోత తన వద్ద అట్టిపెట్టుకోవాలి. తరువాతి ముక్క రాగానే వాటిని దాని ముందు చేర్చి చదవాలి. పుట ముగిసిందని తెలిపే గుర్తు వచ్చినప్పుడు మిగిలినదంతా వదలాలి. అపాచీలో ఈ ముగింపు గుర్తు కూడా ఒక ప్రత్యేకమైన బకెట్టే. అయితే తెలుగుకు ఇంతటితో చాలదు. ‘స్త్రీ’ అనేది ఒకే అక్షరం, కాని ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. సంకేతాలు చెక్కుచెదరకున్నా వాటి నడుమ వడపోత ఒక ట్యాగును చొప్పిస్తే అక్షరం విడిపోతుంది. వెతికిన పదానికి పసుపు రంగు పూసే వడపోతల్లో ఇది తరచుగా జరుగుతుంది. ‘కల’ అని వెతికితే ‘కలు’లోని మొదటి రెండు సంకేతాలకు మాత్రమే రంగు పడి, కొమ్ము ట్యాగుకు అవతల మిగిలిపోతుంది. బ్రౌజరును బట్టి అది చుక్కల వలయానికి తగిలించిన కొమ్ముగా కనిపించవచ్చు.

బైట్లు క్షేమంగా చేరినా వాటిని ఏ పద్ధతిలో చదవాలో చెప్పే శీర్షభాగాన్ని వడపోత పోగొట్టినప్పుడు కలిగే అవస్థ పాతతరం అంతర్జాల పాఠకులకు సుపరిచితం. పుట నిండా తలపై గీత ఉన్న లాటిన్ ‘ఏ’ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు పదేపదే కనిపిస్తాయి. అవి మరేమీ కావు, ఒంటి బైటు పద్ధతిలో చదివిన 224, 176. తెలుగు చెడినప్పుడు కూడా తన చిరునామా చెప్పుకొంటుందన్నమాట.

4. మాటను వెతికి మార్చడం

వడపోతలకు అప్పగించే పనుల్లో సర్వసాధారణమైనది ఒక పదాన్ని మరొక పదంగా మార్చడం. శాఖ పేరు మారింది, పాత పుటలన్నింటా కొత్త పేరు రావాలి. లేదా వర్ణక్రమం ఒకే తీరుగా ఉండాలి. వందల ఫైళ్లను దిద్దే బదులు వెలువడే చోట ఒక్క నియమం రాస్తే సరిపోతుందని అనిపిస్తుంది. ఈ ఆకర్షణ ఎంత సహజమో, తెలుగులో అంత ప్రమాదకరం.

‘కల’ను ‘స్వప్నం’గా మార్చమని నియమం రాశారనుకుందాం. ‘సకలం’, ‘వికలం’, ‘కలం’ దెబ్బతింటాయని ఎవరైనా ఊహించగలరు. ‘మేకలు’ కూడా దెబ్బతింటుందని ఊహించడం కష్టం. కంటికి ఆ మాటలో ‘కల’ లేదు, ‘కలు’ ఉంది. సంకేతాల వరుసలో మాత్రం క, ల, కొమ్ము అని విడివిడిగా ఉన్నాయి. ఫలితంగా ‘మేస్వప్నంు’ అనే అనుచ్చార్యమైన రూపం పుడుతుంది. సున్న మీద కొమ్ము ఏ లేఖకుడూ రాయని అక్షరం.

పదసరిహద్దును కోరే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాస్తే చాలదా అన్న సందేహం కలుగుతుంది. బైట్ల స్థాయిలో పనిచేసే సాధనాలకు పదం అంటే ఆంగ్లాక్షరాలు, అంకెలు, కిందిగీత మాత్రమే. తెలుగు బైట్లు వాటికి పదంలో భాగం కావు. కనుక సరిహద్దు నియమం తెలుగు మాట దగ్గర అసలు పనిచేయదు. యూనికోడ్ తెలిసిన సాధనాల్లోనూ పూర్తి రక్షణ లేదు. ఉదాహరణకు పైథాన్ భాషతో వచ్చే ప్రామాణిక ‘ఆర్ఈ’ మాడ్యూలు హల్లును పదంలోని అక్షరంగా గుర్తిస్తుంది, గుణింతపు గుర్తును గుర్తించదు. దాని లెక్కలో ‘కలు’లోని ‘ల’కూ కొమ్ముకూ మధ్య పదం ముగిసిపోతుంది. అచ్చును హల్లు మీద ఆనించి రాసే లిపి స్వభావం ఆ నిర్వచనం రాసినవారి దృష్టిలో లేదు.

బైట్ల స్థాయిలో ఇంకొక ముప్పు ఉంది. ‘క గాని ఖ గాని’ అనే అర్థంలో చదరపు కుండలీకరణాల్లో రెండక్షరాలను రాస్తే, సాధనం దానిని 224, 176, 149, 150 అనే నాలుగు బైట్లలో ఏదైనా ఒకటి అని అర్థం చేసుకుంటుంది. 224 లేని తెలుగు సంకేతం లేదు. కనుక ఆ నియమం పుటలోని ప్రతి తెలుగు సంకేతాన్నీ పట్టుకుంటుంది, పట్టుకున్న చోటల్లా ఒక బైటును పెరికివేస్తుంది.

ఒకే రూపానికి రెండు సంకేతక్రమాలు ఉండటం మరొక సమస్య. ఐత్వపు గుర్తును 3144 అనే ఒకే సంకేతంగా రాయవచ్చు. 3142 అనే ఎత్వం, 3158 అనే ఐత్వపు కింది భాగం కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. యూనికోడ్ ఈ రెంటినీ సమానార్థకాలుగా నిర్దేశించింది. తెరపై ‘పైరు’ రెండు విధాలా ఒకే తీరుగా కనిపిస్తుంది. బైట్లను పోల్చే వడపోతకు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. ఒక దానికి రాసిన నియమం రెండవ దానికి తగలదు. గ్రంథచౌర్యాన్ని పట్టే సాఫ్ట్‌వేర్లు, వెతుకుడు యంత్రాలు పాఠాన్ని ముందుగా ఏకరూపంలోకి తేకపోతే వాటికీ ఇదే అంధత్వం. ఇది చాలదన్నట్టు, ‘త’ అక్షరాన్ని పుటలో 3108 అనే దశాంశ సంఖ్యారూపంలో సూచించే సౌకర్యం హెచ్‌టీఎంఎల్‌లో ఉంది. బ్రౌజరు దానిని ‘త’గానే చూపుతుంది, వడపోతకు అక్కడ కనిపించేది నాలుగు అంకెలు. వడపోత తనకు కనిపించే రూపాన్ని పరీక్షిస్తుంది, పాఠకుడు తనకు కనిపించే రూపాన్ని చదువుతాడు. ఈ రెండు రూపాలను సమం చేయకుండా రాసిన నియమం నమ్మదగింది కాదు.

అంకెల ప్రస్తావన వచ్చింది కనుక ఒక ముచ్చట. పుటల్లోని అంకెలన్నింటినీ తెలుగు అంకెలుగా మార్చాలన్న ఉత్సాహం భాషాభిమానులకు అప్పుడప్పుడు కలుగుతుంది. వెలువడే చోట ఒక్క వడపోత పెడితే ‘5’ అంతటా ‘౫’ అవుతుంది. చిత్రాల కొలతలు, లంకెల్లోని పుటసంఖ్యలు, పైన చెప్పిన 3108 వంటి సూచికలు కూడా అవుతాయి. చిత్రం సాగిపోతుంది, లంకె తెగిపోతుంది, ‘త’ మాయమవుతుంది. అభిమానం మెచ్చదగినదే, చోటు తప్పు.

యూనికోడ్‌కు ముందుకాలపు పాఠాల విషయం కొంత భిన్నం. ఈనాడు, వార్త వంటి పత్రికల జాలపుటలు ఒకప్పుడు తమ తమ సొంత ఫాంట్లపై ఆధారపడ్డాయి. లోపల ఉన్నది లాటిన్ స్థానాల్లో అమర్చిన అక్షరఖండాలు. తలకట్టు ఒక చోట, ఒత్తు ఒక చోట. వాటిని యూనికోడ్‌గా మార్చడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ‘పద్మ’ అనే అనుబంధం వచ్చింది. అది పాఠకుని వైపు జరిగిన వడపోత. అదే పనిని సర్వర్ వైపు చేయడం సాధ్యమే, అనేక పాత సంచికలను వెతకడానికి వీలైన రూపంలో అందించే మార్గమూ అదే. అయితే అక్షరఖండానికి విలువ దాని ఇరుగుపొరుగును బట్టి ఉంటుంది. ముక్క చివర కనిపించిన ఖండం ఏ అక్షరంలో భాగమో తరువాతి ముక్క చూడకుండా తేల్చలేం. కనుక ఇక్కడ వడపోత కనీసం ఒక మాట మొత్తాన్ని అట్టిపెట్టుకోవాలి.

5. పరిశీలన: బయటికి పోకూడనివి

ఇంతవరకు చర్చించినది పాఠాన్ని మార్చే వడపోత. మార్చకుండా పరీక్షించేది రెండవ రకం. దీనికి ప్రసిద్ధోదాహరణ 2002లో అపాచీ కోసం విడుదలైన మాడ్‌సెక్యూరిటీ. ఇది ప్రతి లావాదేవీని ఐదు దశల్లో చూస్తుంది. అభ్యర్థన శీర్షం, అభ్యర్థన శరీరం, ప్రతిస్పందన శీర్షం, ప్రతిస్పందన శరీరం, చివరగా నమోదు. వెలువడే పాఠాన్ని చదివేది నాలుగవ దశలో. దత్తాంశనిధి దోషసందేశాలు, పీహెచ్‌పీ మూలసంకేతం, సర్వర్‌లోని ఫైళ్ల మార్గాలు వంటివి పొరపాటున పుటలోకి వస్తే ఆ దశలో పట్టుబడతాయి. దాడి చేసేవాడు లోపలికి ఎలా వచ్చాడో తెలియకపోయినా, ఏదో బయటికి తీసుకుపోతున్నాడని తెలుసుకొనే ఆఖరి అవకాశం ఇది.

మన విద్యాసంస్థల్లో ఈ పరిశీలన ఎక్కువగా అవసరమయ్యేది వ్యక్తిగత వివరాల విషయంలో. ప్రవేశాల జాబితా, ఉపకారవేతనాల జాబితా, సదస్సులో పాల్గొన్నవారి జాబితా వంటి వాటిలో ఆధార్ సంఖ్యలు ఒక నిలువు వరుసగా మిగిలిపోతే అవి లోకానికి వెల్లడైనట్టే. వ్యక్తిగత డిజిటల్ దత్తాంశ పరిరక్షణకు భారత పార్లమెంటు 2023లో చట్టం చేసిన తరువాత ఇది మర్యాదకు సంబంధించిన విషయంగా మాత్రమే మిగలలేదు. పన్నెండు అంకెల వరుస కనిపిస్తే మొదటి ఎనిమిదింటిని కప్పివేసే వడపోత రాయడం కష్టం కాదు. కాని 91 చేర్చి రాసిన మొబైలు సంఖ్య కూడా పన్నెండు అంకెలే. ఆధార్‌లోని చివరి అంకె వెర్హోఫ్ పద్ధతి ప్రకారం లెక్కించిన పరీక్షాంకె. ఆ లెక్క సరిపోతేనే కప్పాలన్న షరతు పెడితే యాదృచ్ఛికంగా తగిలే సంఖ్యల్లో పదింట తొమ్మిది తప్పించుకుంటాయి. నాలుగేసి అంకెల తరువాత ఖాళీ విడిచే అలవాటును, తెలుగు అంకెల్లో రాసిన సందర్భాన్ని కూడా నియమం పట్టించుకోవాలి. సాధారణంగా ఈ రెండవది ఎవరికీ గుర్తుకు రాదు.

పరీక్షించే వడపోతకు పుట మొత్తం ఒకేసారి చేతికి రావాలి. సగం పంపిన తరువాత దోషం కనిపిస్తే వెనక్కి రప్పించలేం. కనుక అది పుటను పూర్తిగా పట్టి ఉంచుతుంది. అందుకు జ్ఞాపకస్థలం కావాలి కనుక ఒక పరిమితి విధిస్తారు. మాడ్‌సెక్యూరిటీలో ఆ పరిమితి మార్చకపోతే 5,24,288 బైట్లు. ఆంగ్లంలో అది ఐదు లక్షలకు పైగా అక్షరాలు. తెలుగులో 1,74,762 సంకేతాలకు మించి పట్టదు. ట్యాగులను కూడా లెక్కిస్తే ఇంకా తక్కువ. ఒక కావ్యాన్నో నిఘంటువు భాగాన్నో ఒకే పుటగా ఉంచిన చోట ఈ హద్దు సులభంగా దాటుతుంది. దాటినప్పుడు పుటను పూర్తిగా తిరస్కరించడమా, మొదటి భాగాన్ని మాత్రమే పరీక్షించి వదలడమా అన్నది నిర్వాహకుని ఎంపిక. మొదటి దానిలో పాఠకుడికి ఏమీ అందదు. రెండవ దానిలో పుట చివరి భాగం పరీక్ష లేకుండానే పోతుంది. పరిమితిని పెంచుకోవడమే తెలుగు పుటలకు సమంజసం.

వీటన్నింటికీ అందనిది పీడీఎఫ్. పరిశీలన సాధారణంగా సాదాపాఠానికీ హెచ్‌టీఎంఎల్‌కూ పరిమితం. తెలుగు పరిశోధన పత్రికల్లో అధికభాగం వ్యాసాలను పీడీఎఫ్‌గానే అందిస్తున్నాయి. ఆ ఫైలు లోపల పాఠం పిండిన రూపంలో, కొన్నిసార్లు పాత ఫాంట్ల సంకేతాల్లో ఉంటుంది. వడపోత దానిని ముట్టుకోదు. పాఠశుద్ధి దృష్టితో ఇది మేలు, వ్యక్తిగత వివరాల దృష్టితో కీడు.

వెలువడే చోట చేసే పరిశీలనకు స్వభావరీత్యా ఒక హద్దు ఉంది. పాఠకుడు పంపిన అభ్యర్థనలోని హానికరమైన స్క్రిప్టు పుటలో కలిసిపోయిందనుకుందాం. పుట తయారైపోయాక ఏ భాగం సంపాదకునిది, ఏ భాగం అపరిచితునిది అన్న భేదం వడపోతకు తెలియదు. అతుకు కనిపించదు. ఊహ మీద ఆధారపడి ఆ భేదాన్ని పట్టడానికి బ్రౌజర్లలో కూడా ప్రయత్నం జరిగింది. 2009లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8లో అటువంటి వడపోత ఉండేది. అది పుటను మార్చే తీరునే ఆయుధంగా చేసుకొని, అంతకుముందు ఏ లోపమూ లేని పుటలపై కూడా దాడి చేయవచ్చని భద్రతా పరిశోధకులు మరుసటి ఏడాదే చూపారు. క్రోమ్ బ్రౌజరు తన వడపోతను 2019లో తొలగించింది. పాఠంలో పరాయి వాక్యం చేరే క్షణంలోనే, చేర్చే చోటనే దానిని నిర్వీర్యం చేయడం సరైన పద్ధతి. చివరి వడపోత దానికి తోడు కాగలదు, ప్రత్యామ్నాయం కాలేదు.

6. వరుస తప్పితే

వడపోతల క్రమం వ్యాకరణంలో సంధికార్యాల క్రమం వంటిది, తారుమారైతే రూపం సిద్ధించదు. పిండే వడపోత ముందుగా, మాటను మార్చే వడపోత తరువాత ఉంటే రెండవది వెతికే మాట దానికెన్నడూ కనిపించదు. వెనుక ఉన్న మరొక సర్వర్ నుండి పుట ముందే పిండిన రూపంలో వచ్చే సందర్భాల్లో దానిని విప్పి, మార్చి, మళ్లీ పిండేలా మూడు వడపోతలను ఆ వరుసలోనే నిర్దేశించాలి. పుట పొడవు మారినప్పుడు పాత పొడవును తెలిపే శీర్షాన్ని తొలగించాలి. ‘5’ స్థానంలో ‘౫’ వస్తే ఒక బైటు మూడు బైట్లవుతుంది. పాత లెక్కనే బ్రౌజరు నమ్మితే పుట చివర పెరిగినంత మేరకు తెగిపోతుంది. వ్యాసాల చివర సాధారణంగా ఉండేది ఉపయుక్త గ్రంథసూచి కనుక తెగేది ఆ భాగమే.

7. కనిపించని సంకేతం

‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ‘ట్’ తరువాత కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. యూనికోడ్‌లో దాని స్థానం 8204. పొల్లును పొల్లుగా నిలిపి, తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా అది అడ్డుకుంటుంది. ‘రాజ్‌కుమార్’ అన్న పేరులోనూ అంతే. అది లేకపోతే ‘రాజ్కుమార్’ అవుతుంది. పుటను కుదించే వడపోతలు, ‘అనవసరమైన’ అదృశ్య సంకేతాలను ఏరిపారేసే వడపోతలు దీనిని చెత్తగా భావించి తొలగిస్తాయి. ఆంగ్లపాఠంలో అది నిజంగా చెత్తే కావచ్చు. తెలుగులో అది వర్ణక్రమంలో భాగం. అరువుపదాల లిప్యంతరీకరణపై పనిచేసే పరిశోధకుడు జాలపుటల నుండి సేకరించిన పదకోశంలో పొల్లు రూపాలకు బదులు ఒత్తు రూపాలే కనిపిస్తే, అది భాషలోని మార్పా, వడపోత చేసిన మార్పా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఈ సంకేతానికి లోకమంతటా ఒకసారి ప్రచారం వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తోందన్న వార్త వెలువడింది. జ, పొల్లు, ఞ అనే సంకేతాల తరువాత ఈ అదృశ్య సంకేతం, ఆ పైన దీర్ఘపు గుర్తు వస్తే, ఆ వరుసను చూపబోయిన అనువర్తనం కుప్పకూలేది. మామూలుగా ‘జ్ఞానం’ అని రాసినప్పుడు మధ్యలో ఆ సంకేతం ఉండదు కనుక ఏ ఇబ్బందీ లేదు. అయినా దోషం తెలుగు అక్షరానిదే అన్నట్టుగా ప్రచారం సాగింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిచేసింది. ఈ మధ్యకాలంలో ఒక సర్వర్ నిర్వాహకుడు తన పాఠకులను కాపాడదలచుకుంటే మూడు మార్గాలుండేవి. తెలుగు పాఠాన్నే ఆపడం, అదృశ్య సంకేతాన్ని అన్ని చోట్లా తొలగించడం, ఆ ఐదు సంకేతాల నిర్దిష్ట వరుసను మాత్రమే పట్టి అందులోని ఒక్క సంకేతాన్ని తీసివేయడం. మొదటి రెంటిలో ఏది చేసినా లక్షల మాటలు పోతాయి. మూడవ దానికి పదిహేను బైట్లను ముక్కల అంచుల మీదుగా కూడా గుర్తుపట్టగల వడపోత కావాలి. దానిని రాసేవారికి తెలుగు లిపి తెలిసి ఉండాలి.

కనుక పత్రిక నిర్వహించే శాఖలు కనీసం ఒక పరీక్షపుటను సర్వర్‌లో ఉంచుకోవడం ఉచితం. అందులో ఐత్వం రెండు రూపాల్లోనూ, అదృశ్య సంకేతమున్న మాటలు, ‘స్త్రీ’ వంటి సంయుక్తాక్షరాలు, తెలుగు అంకెలు, ముక్కల అంచులు తప్పనిసరిగా తగిలేంత నిడివి గల పాఠం ఉండాలి. వడపోతల్లో ఏ చిన్న మార్పు చేసినా ఆ పుటను బయటి నుండి తెచ్చుకొని, నిల్వ ఉన్న ప్రతితో బైటుకు బైటు పోల్చాలి. పిండిన రూపంలో ఒకసారి, పిండకుండా ఒకసారి పోల్చితే వరుసలోని లోపాలు కూడా బయటపడతాయి. వ్యాసకర్త పంపిన మూలప్రతిని ఏ వడపోతా తాకని చోట, తేదీతో సహా విడిగా భద్రపరచాలి.